ఒకే గుడ్డ, ఇరవై ఆరు పొదుగులు

ఆ డెయిరీలో రికార్డులు లేవు, యూరియా సంచి ఉంది. వాడేసిన సూదిమందు సీసాలు, పొదుగులోకి ఎక్కించే ట్యూబులు బయట పారేస్తే పిల్లలు తొక్కుతారని, ఆ ఇంటి ఇల్లాలు అన్నీ ఆ సంచిలో వేసి షెడ్డు మూలన పెట్టేది. ఒకరోజు దాన్ని గచ్చు మీద గుమ్మరించి, రకానికొక కుప్ప పోసి లెక్కపెట్టాను. యాంటీబయాటిక్‌లు ఇవీ: సెఫ్ట్రియాక్సోన్ సీసాలు 61, ఎన్రోఫ్లోక్సాసిన్ 14, జెంటామైసిన్ 11, ఆక్సీటెట్రాసైక్లిన్ 9. పొదుగు ట్యూబులు 94. మెలాక్సికామ్, కాల్షియం, బి-కాంప్లెక్స్ సీసాలు పక్కకు తోశాను. ఈ సంచి ఎప్పట్నించి నింపుతున్నారని అడిగాను. "సంకురాత్రికి పాత సంచిని మీ అన్న గుంత తీసి పూడ్చినాడు. అప్పట్నించీ ఇదే" అంది. నేను వెళ్ళింది మే నెల మధ్యలో. నాలుగు నెలల మందు అది. పాలిచ్చే ఆవులు 26.

ఊరు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోది. పుంగనూరు పొట్టి ఆవు పేరు చెప్పుకునే ప్రాంతమే గానీ, ఇక్కడ ఏ షెడ్డులో చూసినా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులే. నేను ప్రైవేటుగా పశువైద్యం చేస్తాను. ఆ ఇంటాయన్ని అన్నా అనీ, ఆవిడను వదినా అనీ పిలుస్తాను. ఆయనకు నేను మేడంని, ఆవిడకు అమ్మణ్ణిని. వాళ్ళ పేర్లు రాయను. ఆవుల పేర్లు రాస్తే వాళ్ళకు అభ్యంతరం లేదన్నారు.

నన్ను పిలిచింది ఆవులకు బాగాలేదని కాదు. పాలు కొనే కేంద్రంవాళ్ళు స్ట్రిప్పు ముంచి చూసి, పాలలో యాంటీబయాటిక్ ఉందని రెండు క్యాన్లు వెనక్కి పంపారు. "ఏ మందేస్తే స్ట్రిప్పులో పడదో అది చెప్పండి మేడం" అన్నాడు అన్న. నిజంగానే ఆయన కోరింది అంతే. అటువంటి మందు లేదన్నాను. సీసా మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదని రాసుందో అన్ని రోజులు ఆపాలి. ఏమీ రాసి లేకపోతే మన మందుల నియమాల ప్రకారం పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. నెలకు నాలుగైదు ఆవులకు పొదుగువాపు, ఒక్కోదానికి మూడు నుంచి ఐదు రోజుల సూదులు, ఆపైన 7 రోజులు. "అట్లయితే నేను పాలు ఎప్పుడు పోసేది?"

అప్పుడు వదిన, అన్న కాస్త అవతలికి వెళ్ళాక, గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. "సూది పడిన ఆవు పాలు ఇంట్లోకి తీసుకోనమ్మణ్ణీ. తోడేస్తే పెరుగవ్వదు. నీళ్ళునీళ్ళుగా అట్లే ఉంటాది."

తోడు పెట్టడం కూడా ఒక ల్యాబు పరీక్షే. పెరుగు చేసే బాక్టీరియాకు పెన్సిలిన్ జాతి మందులంటే చాలా బెదురు, చుక్క ఉన్నా పెరగదు. పాలు మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ మందు చాలావరకు అలాగే మిగులుతుంది. ఆ సంగతి వదినకు స్ట్రిప్పుల కంటే ముందే తెలుసు. అంటే ఇంట్లోకి పనికిరాని పాలని తెలిసే కేంద్రానికి పోశారు. ఆవిడను తప్పుపట్టే స్థితిలో నేను లేను. ఆ 61 సీసాల్లో పదిహేనుకు నేను రాసిన చీటీలున్నాయి. మిగతావి ఊళ్ళో సూదులేసే కుర్రాడివీ, అన్న తానే మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవీ. ఆ సెఫ్ట్రియాక్సోన్ మన పిల్లలకు టైఫాయిడ్ వస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందే. పొదుగువాపుకు దాన్ని మొదటి మందుగా వాడటం మా వృత్తిలో ఎవరూ ప్రశ్నించని అలవాటైపోయింది.

పొదుగులో ఉన్నదేమిటి

ముందు సూదులు పక్కన పెట్టి పాలు చూశాను. పాలలో పొదుగువాపు జాడ పట్టే సీఎంటీ ద్రావణం ఆ రోజు నా దగ్గర అయిపోయింది. అర లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల బట్టల పౌడరు కలిపాను. నాలుగు గుంటల ప్లేటులో నాలుగు చనుకట్ల పాలు వేరువేరుగా పిండి, అంతే కొలత సబ్బునీళ్ళు పోసి గుండ్రంగా తిప్పితే చాలు. పొదుగులో వాపు ఉంటే పాలలో తెల్లకణాలు ఎక్కువ ఉంటాయి, సబ్బు వాటిని పగలగొడుతుంది, పాలు గంజిలా చిక్కబడతాయి. ఆరోగ్యంగా ఉన్న పాలు పలచగానే ఉంటాయి. 26 ఆవులకు 104 చనుకట్లు, అందులో 3 అప్పటికే పోయాయి. మిగిలిన 101లో 38 చిక్కబడ్డాయి, 17 ఆవుల్లో. వీటిలో పైకి వాపు గానీ, పాలలో గడ్డలు గానీ ఉన్నవి ఆ రోజు రెండే. అంటే అన్న మందులు కొంటున్నది పైకి తేలిన కొద్దిపాటికి. అసలు రోగం కిందనే ఉంది, రోజూ రెండుపూటలా ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు పోతోంది.

బాగా చిక్కబడిన 12 ఆవుల పాలు తిరుపతి ల్యాబుకు పంపాను. చనుకట్టు కొసను స్పిరిట్ దూదితో, దూది తెల్లగా వచ్చేదాకా తుడిచి, మొదటి మూడు ధారలు నేల పాలు చేసి, సీసా మూతను కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని, నాలుగో ధార పట్టి మంచుపెట్టెలో పెట్టాలి. ఇది చదవడానికి సులువు. పక్కన కుక్క మొరుగుతూ, ఆవు తన్నబోతూ, తోక మొహానికి తగులుతుంటే చేయడం వేరు. రెండు సీసాలు పాడయ్యాయి, మర్నాడు మళ్ళీ తీశాను.

ఫలితం: 7 ఆవుల్లో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా (ఇకపై స్టాఫ్ అంటే ఇదే), 2 ఆవుల్లో మరో రకం స్టాఫ్, ఒకదాంట్లో పేడలో ఉండే ఈ.కోలి, రెండింట్లో ఏమీ పెరగలేదు. ఆ ఏడింటిలో ఐదు పెన్సిలిన్‌కు లొంగలేదు. ఈ.కోలి అయితే సెఫ్ట్రియాక్సోన్‌కూ, ఎన్రోఫ్లోక్సాసిన్‌కూ కూడా లొంగలేదు. సంచిలో ఎక్కువ ఉన్న మందులు ఏవో మళ్ళీ చెప్పనక్కరలేదు.

స్టాఫ్ ఆరియస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది. అది పొదుగు కండలోకి దిగి చిన్న చిన్న చీముగుళ్ళు కట్టుకుని, కణాల లోపల దాక్కుంటుంది. మందు అక్కడిదాకా సరిగా చేరదు. ముసలి ఆవు, పాత రోగం, రెండు మూడు చనుకట్లు కలిస్తే, పాలిచ్చే కాలంలో ఏ మందు వేసినా నయమయ్యే అవకాశం తక్కువ. మందు వేయగానే వాపు తగ్గుతుంది, పాలు తెల్లబడతాయి, రైతు సంతోషిస్తాడు, మూడు వారాలకు మళ్ళీ వస్తుంది. అప్పుడు "పోయినసారి మందు పనిచెయ్యలే, పెద్ద మందు వెయ్యండి" అంటాడు. అలా మెట్టు మెట్టూ ఎక్కి సెఫ్ట్రియాక్సోన్ దాకా వచ్చాం. ఇంకోటి, ఇది పేడలోంచి, మట్టిలోంచి వచ్చే రోగం కాదు. జబ్బుపడిన పొదుగులోంచి మంచి పొదుగులోకి, పాలు పిండే వేళలోనే, చెయ్యి ద్వారానో గుడ్డ ద్వారానో మిషన్ ద్వారానో పోతుంది.

తెల్లవారుజామున నాలుగు గంటలు

కాబట్టి పాలు పిండేటప్పుడు చూడాలి. రైతు నోటితో చెప్పే పద్ధతి వేరు, చీకట్లో జరిగేది వేరు. రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని నాలుగింటికి లేచి, ఒక మూల బకెట్టు బోర్లించి కూర్చున్నాను.

పాలు పిండేది ఒక జంట, ఏడాదిగా అక్కడే ఉంటున్నారు. పనిమంతులు. ఆమె ఒక బకెట్టు నీళ్ళు, ఒక గుడ్డ తీసుకుని మొదటి ఆవు దగ్గర మొదలుపెట్టింది. గుడ్డ ముంచి, పిండి, పొదుగు తుడిచి, మళ్ళీ అదే బకెట్టులో ముంచి, రెండో ఆవు. ఆరో ఆవుకు వచ్చేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. పదకొండో ఆవు దగ్గర గుడ్డకు పాలగడ్డ ఒకటి అంటుకుని ఉండటం నా టార్చి వెలుగులో కనిపించింది. అదే గుడ్డ 26 ఆవులకూ వెళ్ళింది. శుభ్రంగా ఉండాలనే చేస్తోంది పాపం. అసలు తుడవకుండా పిండి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదేమో.

వరస కూడా గమనించాను. మొదట పిండింది గంగను. ఐదో ఈత, పూటకు పదకొండు లీటర్లు ఇచ్చేది, ఇంటికి లక్ష్మి. నా ల్యాబు కాగితంలో మూడు చనుకట్లలో స్టాఫ్ ఉన్నది కూడా ఆమే. అక్కడ మొదలై, చివరన తొలిచూలు పడ్డల దగ్గర ముగుస్తుంది. అంటే అన్నిటికంటే శుభ్రమైన పొదుగులకు అన్నిటికంటే మురికి గుడ్డ.

పిండేది మిషనుతోనే, రెండు క్లస్టర్ల బకెట్ మిషను. క్లస్టరంటే నాలుగు చనుకట్లకు తగిలించే గొట్టాల జత. లోపలి రబ్బరు లైనర్లు వేలితో తడిమితే గరుకుగా, చిట్లి ఉన్నాయి. ఎప్పుడు మార్చారంటే "మిషనుతోపాటు వచ్చినవే" అన్నాడు అన్న. మిషను కొని రెండేళ్ళు. రబ్బరు లైనరు సుమారు 2500 సార్లు పిండేదాకా పనిచేస్తుంది. 26 ఆవులు, రెండు పూటలు, రెండు క్లస్టర్లు అంటే ఒక్కోదానికి రోజుకు 26 సార్లు. మూడు నెలలు దాటగానే దాని పని అయిపోతుంది. ఇక్కడ దాదాపు ఇరవై నెలలుగా చిట్లిన రబ్బరు చనుకట్లను నలుపుతోంది, ఆ చిట్లిన గీతల్లో బాక్టీరియా కాపురం ఉంది. మిషను తీశాక మిగిలిన పాల కోసం అతను చేత్తో పిండేవాడు, బొటనవేలు మడిచి, కణుపుతో నొక్కి లాగుతూ. వేగంగా వస్తాయి, నిజమే. చనుకట్టు లోపలి పొర నలిగిపోతుంది, అదీ నిజమే. గుప్పెటతో పిండాలని చెప్పడం సులువు, ఇరవై ఏళ్ళ వేళ్ళ అలవాటు మార్పించడం కష్టం. అది ఇప్పటికీ సగమే మారింది.

అయిపోగానే ఆవుల్ని వదిలారు. నేరుగా వెళ్ళి తడి గచ్చు మీద పడుకున్నాయి. పిండిన తర్వాత అర గంట దాకా చనుకట్టు రంధ్రం పూర్తిగా మూసుకోదు.

ఆ ఉదయం నేను కాఫీ తాగుతూ అన్నకు చెప్పిన మాట: ఈ నాలుగు నెలల్లో నువ్వు కొన్న మందులో సగానికి పైగా ఆ గుడ్డ కొనిపించింది.

మార్చినవి

పాత నూలు చీరలు, లుంగీలు జానెడు ముక్కలుగా కత్తిరించాం. ఆవుకు ఒక ముక్క, ఒకసారి తుడిస్తే అది మురికి బకెట్టులోకే. రోజూ పెద్ద గిన్నెలో మరగబెట్టి ఎండలో ఆరేయడం. వదిన ఈ పని తన చేతిలోకి తీసుకుంది, అందుకే నడిచింది. అన్న చేతిలో పెట్టి ఉంటే వారం తర్వాత మళ్ళీ ఒకే గుడ్డ అయ్యేదని నా నమ్మకం. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ కట్టిన గిన్నెలో పిండి గడ్డలున్నాయా చూడటం, పిండాక చనుకట్లను పోవిడోన్ అయోడిన్‌లో గ్లిజరిన్ కలిపిన మందులో ముంచడం, ఆ వెంటనే గాడిలో పచ్చిగడ్డి వేసి అర గంట నిలబెట్టడం. లైనర్లు కొత్తవి. వరస తిరగేశాం: తొలిచూలు పడ్డలు ముందు, స్టాఫ్ ఉన్న ఏడు ఆవులు చివర. వాటి మెడకు ఎర్ర తాడు కట్టాం, చీకట్లోనూ పొరపాటు పడకుండా.

పుస్తకం ప్రకారమైతే ఆ ఏడింటిలో పాత రోగులను మందలోంచి తీసేయాలి. పొదుగువాపు నివారణకు ఇంగ్లండులో 1960ల్లో తయారైన ఐదు సూత్రాల పద్ధతిలో అదీ ఒకటి. కానీ మన దగ్గర తీసేయడం అంటే ఏమిటి? గోవధ నిషేధ చట్టం 1977 నుంచి ఉంది, కాబట్టి తీసేయడం అంటే సంతలో అమ్మడం. సంతలో కొన్నవాడి షెడ్డులోకి స్టాఫ్ కూడా వెళుతుంది, కొత్త షెడ్డులో కొత్త సెఫ్ట్రియాక్సోన్ మొదలవుతుంది. నేను అమ్మమని చెప్పలేదు. వేరుగా కట్టేయండి, చివర పిండండి, పూర్తిగా పాడైన చనుకట్టును ఎండగట్టేయండి అన్నాను. నెల తిరక్కుండా అన్న ఒక ఆవును నాకు చెప్పకుండా అమ్మేశాడు. కొన్నవాళ్ళకు చెప్పావా అంటే నవ్వాడు. ఆ లెక్క నా కాగితంలో తగ్గుదలగా కనిపిస్తుంది గానీ, జిల్లా లెక్కలో తగ్గుదల కాదు.

మందు ఎప్పుడు వేయాలన్నది గోడ మీద సుద్దముక్కతో రాశాం. పాలలో గడ్డలు మాత్రమే ఉండి, ఆవు మేస్తుంటే యాంటీబయాటిక్ వద్దు. రోజుకు ఎనిమిది పదిసార్లు ఆ చనుకట్టు ఖాళీ చేయడం, పూత వేయడం. పొదుగు వాచి గట్టిపడితే మెలాక్సికామ్ సూది, పాల నమూనా ఫ్రిజ్‌లో, ఒక రోజు చూసి నాకు ఫోను. మెలాక్సికామ్ ఎందుకంటే నొప్పీ వాపూ తగ్గిస్తుంది, రాబందులకూ హాని చేయదు. పశువుల డైక్లోఫెనాక్‌ను 2006లో ఆపింది ఆ పక్షుల కోసమే కదా. ఆవు మేత మానితే, పాలు నీళ్ళలా మారితే వెంటనే ఫోను.

పూత సంగతి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్నదే: కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15, కలిపి రుబ్బాలి. పసుపూ సున్నమూ కలవగానే పారాణి రంగు వస్తుంది. అందులోంచి పిడికెడు తీసి నీళ్ళు కలిపి పలచన చేసి, పాలు పూర్తిగా పిండేసి, పొదుగంతా రాయాలి. రోజుకు ఎనిమిది పదిసార్లు, ఐదు రోజులు. లోపలికి రెండేసి నిమ్మకాయలు. నేను మొదట నమ్మలేదు, ఇప్పుడూ పూర్తిగా నమ్మానని చెప్పలేను. గడ్డలు మాత్రమే ఉన్న కేసుల్లో ఎక్కువ భాగం బాగయ్యాయి. కానీ పూత రాయాలంటే ప్రతిసారీ ముందు పాలు పిండాలి కదా. రోజుకు పదిసార్లు పొదుగు ఖాళీ అయితే బాక్టీరియా, విషం, చీము అన్నీ బయటికి పోతాయి. బాగుచేసింది పారాణో, పిండటమో, లేక తేలికపాటి ఈ.కోలి లాగా తనంతట తానే తగ్గే రోగమో, ఇక్కడ నేను విడదీసి చెప్పలేను. రైతుకు మాత్రం దానితో ఒక పెద్ద లాభం ఉంది: చేతికి పని దొరుకుతుంది. "ఏమీ వేయకుండా చూద్దాం" అంటే ఆయన రాత్రంతా నిద్రపోడు, తెల్లారేసరికి షాపుకెళ్తాడు. "గంటకోసారి ఇది రాయి" అంటే ఆగుతాడు.

ఈ మధ్యలో నా ఫీజు గొడవ ఒకటి. మొదటిసారి ఒక ఆవును చూసి, జ్వరం లేదు, సూది వద్దు అని బండెక్కుతుంటే అన్న వెనకే వచ్చి "ఏం మేడం, సూదెయ్యకుండానే పోతాండారే?" అన్నాడు. చేతిలో నోటు ఉంది, ఇవ్వాలో వద్దో తేలడం లేదు ఆయనకు. మా పల్లెల్లో డాక్టరు చూపుకు ధర లేదు, సూదికే ధర. ఆ రోజు నుంచి నేను నెలకింత అని మాట్లాడుకున్నాను, సూదులు వేసినా వేయకపోయినా. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. ఇది లేకపోతే మిగతావన్నీ నేనే నీరుగార్చేదాన్ని, నాకూ పెట్రోలు ఖర్చుంది.

కార్తీకంలో నేను చేసిన తప్పు

జూన్ నుంచి అక్టోబరు దాకా బాగా నడిచింది. బాగా నడవడమే కొంప ముంచింది.

మా వైపు వానలు ఐప్పసి (అక్టోబరు, నవంబరు మధ్య వచ్చే తమిళ నెల), కార్తీక మాసాల్లోనే గట్టిగా పడతాయి. నవంబరులో నాలుగు రోజుల ముసురు, షెడ్డు ముందంతా పేడబురద. ఈని పది రోజులైన కావేరి అనే ఆవు గురించి రాత్రి ఎనిమిదింటికి అన్న ఫోను. ఒక చనుకట్టులో పాలు పలచగా ఉన్నాయి, కొంచెం నీరసంగా ఉంది, జ్వరం లేదు, చెవులు చల్లగానే ఉన్నాయి అన్నాడు. "చెవులు చల్లగానే" అన్న మాటను నేను మంచి వార్తగా విన్నాను. పూత రాయి, పొద్దున వస్తాను అన్నాను. వాన పడుతోంది, దారి బాగాలేదు, ఐదు నెలలుగా నేను చెప్పినవన్నీ నిజమవుతున్నాయి. ఈ మూడూ కలిసి నా చేత ఆ మాట అనిపించాయి.

పొద్దున ఆరింటికి వెళ్ళేసరికి కావేరి పక్కకు తల తిప్పుకుని పడి ఉంది. కళ్ళు లోతుకు పోయాయి. ఒంటి వేడి 97.8 డిగ్రీలకు పడిపోయింది. పొదుగులోంచి వచ్చింది పాలు కాదు, ఎర్రటి నీళ్ళు. ఈ.కోలి విషం రక్తంలోకి వెళితే మొదట జ్వరం వస్తుంది, తర్వాత ఒళ్ళు చల్లబడుతుంది. రాత్రి అన్న చెప్పిన చల్లటి చెవులు అదే. నరంలోకి 7.2 శాతం ఉప్పునీరు రెండు లీటర్లు, ఆ తర్వాత గొట్టంతో కడుపులోకి ఇరవై లీటర్ల నీళ్ళు, కాల్షియం, నొప్పి మందు, యాంటీబయాటిక్ అన్నీ ఇచ్చాను. సాయంత్రం లేచి నిలబడింది. మర్నాడు మళ్ళీ పడిపోయింది, మూడో రోజు చనిపోయింది.

రాత్రే వెళ్ళి ఉంటే బతికేదా? అటువంటి కేసుల్లో వెంటనే ఎక్కించే నీళ్ళే ప్రాణం నిలబెడతాయి, యాంటీబయాటిక్ కంటే కూడా. పది గంటలు పోయాయి. గోడ మీద రాసిన నియమం ప్రకారమే "పాలు నీళ్ళలా మారితే వెంటనే ఫోను", అన్న చేశాడు. నియమం తప్పింది నేను.

తర్వాత మూడు వారాలు అన్న నాకు ఫోను చేయలేదు. ఆ మూడు వారాల్లో సంచిలోకి సెఫ్ట్రియాక్సోన్ సీసాలు 9 వచ్చాయి, గడ్డలు పడిన ప్రతి ఆవుకూ వేయించాడు. నేను అడగలేకపోయాను. వదినే ఫోను చేసి, "రా అమ్మణ్ణీ, ఆయన అడగడు" అంది. వెళ్ళి, తప్పు నాదని అన్నతో చెప్పాను. ఒక థర్మామీటరు కొనిచ్చాను, ఇద్దరికీ పెట్టడం నేర్పాను. గోడ మీది రాతలో ఒక లైను చేరింది: ఈనిన నెల లోపు ఆవుకు పొదుగు ఏమాత్రం తేడాగా ఉన్నా ముందు జ్వరం చూడాలి, 103 దాటినా, 100కు దిగినా ఏ రాత్రైనా నేను రావాలి. సంఖ్య పైవైపు ఒకటే పెట్టి ఉంటే కావేరి మళ్ళీ చనిపోయేది.

ఎండగట్టే వేళ

మందు పనికొచ్చే చోటు కూడా ఉంది, దాన్ని వదిలేయకూడదు. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఎండగట్టేటప్పుడు స్టాఫ్ మీద మందు పాలిచ్చే కాలంలో కంటే బాగా పనిచేస్తుంది. పొదుగు ఖాళీగా, విశ్రాంతిగా ఉంటుంది, మందు చాలా రోజులు నిలుస్తుంది, పారబోయాల్సిన పాలూ ఉండవు. అన్న ఇన్నాళ్ళూ అసలు అప్పుడే ఏమీ వేయలేదు. పాలు లేని ఆవు మీద డబ్బు ఎందుకని. యూరప్‌లో దీనికి తలకిందుల కథ, ప్రతి ఆవుకూ అలవాటుగా వేసేసేవారు. 2022 జనవరి 28 నుంచి అమలైన నియమంతో అలా గుంపుగుత్తగా ముందుజాగ్రత్తకు వేయడం ఆగింది. మేం మధ్య దారి పట్టాం: ఎండగట్టేముందు సబ్బునీళ్ళ పరీక్షలో చిక్కబడినవాటికీ, ల్యాబులో స్టాఫ్ వచ్చినవాటికీ మాత్రమే ట్యూబు. మిగతావాటికి చనుకట్లు ముంచడం, పొడి చోటు, అంతే.

లెక్క

మరుసటి ఏడాది మళ్ళీ అవే నెలలు, సంక్రాంతి నుంచి మే మధ్య దాకా సంచి నింపనిచ్చి గుమ్మరించాను. ఈసారి పాలిచ్చే ఆవులు 24. సెఫ్ట్రియాక్సోన్ 6, ఎన్రోఫ్లోక్సాసిన్ లేదు, జెంటామైసిన్ 2, ఆక్సీటెట్రాసైక్లిన్ 7. పొదుగు ట్యూబులు 31, వాటిలో 20 ఎండగట్టేటప్పుడు ఐదు ఆవులకు వేసినవి. పైకి కనిపించిన పొదుగువాపు కేసులు, మందుల చీటీలూ అన్న జ్ఞాపకమూ కలిపి, ముందు 19, ఇప్పుడు 8. సబ్బునీళ్ళ పరీక్షలో 91 చనుకట్లలో 16 చిక్కబడ్డాయి, 9 ఆవుల్లో. పోయిన చనుకట్లు 3 నుంచి 5కు పెరిగాయి, ఒకటి మేమే ఎండగట్టాం, ఇంకోటి నా లెక్కలో నష్టమే.

మొదటి ఏడు స్టాఫ్ ఆవుల్లో రెండు ఎండగట్టే వేళ మందుతో బాగయ్యాయి, ఈనాక రెండుసార్లు నమూనా పంపినా ఏమీ పెరగలేదు. ఒకటి అమ్ముడుపోయింది. నాలుగు ఇప్పటికీ ఎర్ర తాడుతోనే ఉన్నాయి. కొత్తగా ఈనిన పడ్డల్లో ఒక్కదానికే అంటింది. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన అంకె అదే, సీసాల లెక్క కాదు.

ఇది ఒక్క షెడ్డు. పోల్చడానికి ఇలాంటి ఇంకో షెడ్డును నేను పెట్టుకోలేదు. నెలనెలా ఒక డాక్టరు వచ్చి సంచి విప్పి చూస్తుందని తెలిసినా సూదులు తగ్గుతాయి. సంచిలోకి రాని సీసాలు ఉండవచ్చు, వదిన లేవంటుంది, నేను నమ్ముతాను. ఆక్సీటెట్రాసైక్లిన్ దాదాపు తగ్గలేదు, అది దూడల పారుడుకు వేస్తున్నది. అక్కడ నేనింకా చేయి పెట్టలేదు. జున్నుపాలు ఈనిన గంటలోపు పట్టించడం, పారుడుకు ముందు ఉప్పూ గ్లూకోజు నీళ్ళు పట్టడం మొదలుపెట్టాలి. దూడ విషయంలో వదిన ఎవరి మాటా వినదు, చిన్న ప్రాణం అంటుంది.

రెండు సంచుల్లోనూ కొలిస్టిన్, అంటే మనుషులకు చివరి ఆయుధంగా దాచుకునే యాంటీబయాటిక్, మాత్రం లేదు. 2019 జూలైలో పశువులకు నిషేధించక ముందైతే దూడల పొడుల్లో అది కూడా కనిపించేది.

ఖర్చు సంగతి అన్న తనకు తోచినట్టు చెబుతాడు. మందుల షాపుకు పోయేది మిగిలింది, అందులో కొంత లైనర్లకూ, అయోడిన్‌కూ, నాకూ పోయింది, కావేరి పోయింది. మిగిలిందా అంటే "క్యాన్లు వెనక్కి రాలే" అంటాడు.

గంగ ఇప్పుడు చూడితో ఉంది, వచ్చే నెల ఎండగట్టాలి. మూడు చనుకట్లలో స్టాఫ్ అలాగే ఉంది, ఆరో ఈతకు బాగయ్యే అవకాశం తక్కువని చెప్పాను. అన్న ఈనగానే అమ్మేద్దామంటాడు. ఈసారి కొన్నవాళ్ళకు ఎర్ర తాడు సంగతి చెప్పే అమ్మాలని వదిన, చెబితే ఎవడు కొంటాడని అన్న. ట్యూబులు నాలుగు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టించాను. ఈనిన ఏడో రోజు నమూనా తీయాలి.